మునిరత్నం పక్కకు ఎందుకు చూశాడు

డ్రైవర్ అక్కర్లేని బండ్లలో డ్రైవర్ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకుంటున్నారు. ఈ మాట విని నవ్వొచ్చు గానీ ఇది నిజం. బండి తనంతట తాను నడుస్తుంది. ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి స్టీరింగ్ వెనక ఒక మనిషి కూర్చుంటాడు. అతన్ని సేఫ్టీ డ్రైవర్ అంటారు. ఆ పనికి వెళ్ళాలనుకునే కుర్రవాళ్ళు చిత్తూరు నుంచీ తిరుపతి నుంచీ ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. "సార్, మీరు ఆ కంపెనీలో ట్రైనర్‌గా చేసినారంట గదా. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?" అంటారు.

వాళ్ళేం అడుగుతారో చెప్పి పంపేయొచ్చు. కానీ మీరు వాళ్ళని అడగాల్సింది ఒకటుంది. బండి ఎవరినైనా గుద్దితే కాగితం మీద ఎవరి పేరు రాస్తారు?

నేను పనిచేసిన చోట మునిరత్నం పేరు రాశారు. రాయాల్సిన వాటిలో నా పేరూ ఉంది. దాన్ని ఇప్పుడు నేనే రాసుకుంటున్నాను. నా వయసు యాభై నాలుగు. పని మానేసే వయసు కాదని తెలుసు. ఎందుకు మానేశానో చదివితే మీకే తెలుస్తుంది.

చెప్పులు విప్పించిన చెంగల్రాయులు

చిత్తూరులో బస్సు డ్రైవర్‌గా చేరిన కొత్తలో నా పక్కన కూర్చుని పని నేర్పింది చెంగల్రాయులనే సీనియర్ డ్రైవర్. అది పెరటాసి నెల, సెప్టెంబరు అక్టోబరు రోజులు. మన వైపు పెరటాసి అంటే రోడ్ల పక్కన పసుపు బట్టలవాళ్ళే. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి తిరుమలకి కాలినడకన వస్తుంటారు. పూతలపట్టు దాటాక ఒక గుంపు కనబడింది. నేను హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కి పట్టాను. గుంపు చివర కుంటుతూ నడుస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి, రోడ్డు దిగాల్సింది పోయి రోడ్డు మీదికే తిరిగాడు. బ్రేకు తొక్కాను. బస్సు అద్దం ఆయన భుజాన ఉన్న సంచిని రాసుకుంటూ పోయింది.

చెంగల్రాయులు బస్సు పక్కకు పెట్టించాడు.

"దిగప్పా."

"ఏందన్నా?"

"చెప్పులు ఈడే ఇడిసి దిగు. ఆ మైలురాయి దాకా వాళ్ళతో నడిసి రా. బస్సు నేను తెస్తా."

ప్రయాణికులు నవ్వారు. వెనక సీట్లోంచి ఒకామె, "కండక్టరూ, ఆయప్పకి టికెట్ కొట్టొద్దు, నడిసే పోతాండాడు" అంది. మధ్యాహ్నం ఎండలో తారు కుంపటిలా ఉంది. నాలుగు అడుగులు వేసేసరికి నాకు రోడ్డు తప్ప ఇంకేం పట్టలేదు. వెనక నుంచి ఒక లారీ హారన్ కొడితే ఎటు పోవాలో తెలియక అక్కడే గంతు వేశాను. గుంపులో ఒకాయన నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

మళ్ళీ బస్సెక్కాక చెంగల్రాయులు చెప్పాడు. "నాలుగు దినాలుగా నడిసేవానికి చెవులుండవప్పా, కాళ్ళే ఉంటాయి. హారన్ కొడితే యాడికి దూకుతాడో వానికే తెలీదు. బండి నిదానం చేసి, తల బయటికి పెట్టి గోవిందా అను. వాడూ గోవిందా అంటా ఎడమకి జరుగుతాడు. గుంపు పోయిందిలే అనుకోవద్దు. కడాన ఒకరుంటారు. ఆ కడా మనిషి దాటినాకనే గేరు మార్చు."

తర్వాత నేనూ శిక్షకుడినయ్యాను. డ్రైవింగ్ స్కూల్లో నా దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పాను. మునిరత్నం కూడా అలా నేర్చుకున్నవాడే. చిత్తూరు పక్క పల్లె. స్కూలు అయ్యాక చాలా ఏళ్ళు ప్రైవేటు బస్సు నడిపాడు. ఒక్క మనిషికి గీత పడనివ్వలేదు.

చేతులు కట్టుకునే ఉద్యోగం

మోకాళ్ళు సహకరించక బస్సుల ఉద్యోగానికి ముందే సెలవు చెప్పాను. ఆ తర్వాత బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. పేరు రాయను. తనంతట తాను నడిచే వ్యాన్‌ను చిత్తూరు నుంచి బంగారుపాళ్యం అవతలి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దాకా, హైవే పక్కన సర్వీస్ రోడ్డు మీద నడిపి చూస్తారట. సేఫ్టీ డ్రైవర్లకు శిక్షణ ఇవ్వడానికి ఈ రోడ్లు తెలిసిన మనిషి కావాలన్నారు. ఒప్పుకున్నాను. మునిరత్నాన్ని పిలిచి చేర్చింది కూడా నేనే.

ఒక మాట ముందే చెప్పాలి. నేను ఈ బండ్లకి శత్రువుని కాను. తాగి స్టీరింగ్ పట్టినవాళ్ళని చూశాను. ఘాట్ రోడ్డు మలుపులో కునికినవాడి శవాన్ని మోశాను. బండి తాగదు, కునకదు. కళ్ళు కనబడని మనిషి ఎవరినీ బతిమాలకుండా ఆస్పత్రికి పోయి రాగలిగితే అంతకంటే ఏం కావాలి? అలాంటి రోజు వస్తుందని నమ్మే చేరాను. ఇప్పటికీ వస్తుందనే అనుకుంటున్నాను. నా కోపం యంత్రం మీద కాదు.

మొదటి నెలలు సరదాగానే గడిచాయి. మునిరత్నం స్టీరింగ్ వెనక కూర్చుని, దానంతట అది తిరుగుతుంటే చూసి నవ్వేవాడు. "అన్నా, మా ఆడామె అడగతా ఉండాది, ఆఫీసులో ఏం పని చేస్తావని. ఏమీ చేయకుండా ఉండేది నేర్చుకుంటాండానే అని చెప్పినా. ఆ పని ఇంట్లో బాగా చేస్తావు గదా, దానికి బెంగళూరోళ్ళు నేర్పించాల్నా అనింది."

అసలు సంగతి తర్వాత తెలిసింది. డ్రైవర్ స్టీరింగ్ పట్టినా, బ్రేకు తొక్కినా అది 'జోక్యం' అని లెక్కలోకి పోతుంది. జోక్యాలు తగ్గుతుంటే బండి తెలివి పెరుగుతోందని పైవాళ్ళకి చూపిస్తారు. ఎవరు ఎన్నిసార్లు జోక్యం చేసుకున్నారో ఆఫీసు గోడ మీద వారం వారం అతికించేవాళ్ళు. అన్నిటికంటే పైన, ఎర్ర అక్షరాల్లో ఎప్పుడూ మునిరత్నం పేరే.

ఎందుకుండదు? మామిడి సీజన్‌లో ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. వంతు కోసం రాత్రింబవళ్ళు కాచుకున్న రైతులు ట్రాక్టర్ నీడలో పడుకుని కాళ్ళు రోడ్డు మీదికి చాపుకుంటారు. బండి కంటికి ట్రాక్టర్ ఆనేది, కాళ్ళు ఆనేవి కావు. మునిరత్నం బ్రేకు తొక్కేవాడు. అది ఒక మనిషిని కాపాడినట్టు ఎక్కడా రాసేవాళ్ళు కాదు. జోక్యం అని రాసేవాళ్ళు.

మా మేనేజర్ నితిన్ అనే యువకుడు. చెడ్డవాడు కాదు, మర్యాదస్తుడు. రోడ్డు మాత్రం తెలియదు. ట్రాక్టర్లను వేరే చోట ఆపించమని, నడిచేవాళ్ళను ఆ పక్కకు రానివ్వొద్దని అధికారులకు ఉత్తరాలు రాయించాడు. "రోడ్డు క్లీన్‌గా ఉంటే మన బండి పర్ఫెక్ట్ సార్" అనేవాడు. క్లీన్ అంటే రైతులు లేకుండా, భక్తులు లేకుండా, గొర్రెలు లేకుండా, కంకులు ఆరబోసేవాళ్ళు లేకుండా. వీళ్ళంతా పోతే ఇంక ఆ రోడ్డు ఎవరికి? ఈ ప్రశ్న ఆరోజే అడగాల్సింది. నన్ను 'ఎక్స్‌పర్ట్' అని పిలుస్తున్నారు కదా, ఆ పిలుపు బాగుంది, నోరు మూసుకున్నాను.

పెరటాసి మొదలయ్యే ముందు నితిన్ నన్ను పిలిచి, "సార్, మీ మునిరత్నం బండిని నేర్చుకోనివ్వట్లేదు. పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఆ చార్ట్ చూస్తే నవ్వుతారు. ఆయన వల్ల కాకపోతే మార్చేద్దాం" అన్నాడు.

నేను మునిరత్నాన్ని టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళాను.

"మునీ, ఇంక చెయ్యి పెట్టొద్దురా. అదే చూసుకుంటుంది."

"నడిసేటోళ్ళు ఉంటే?"

"ఉన్నా సరే. అది బీప్ కొడుతుంది, నిదానిస్తుంది. నేను పక్కనే కూర్చుంటా. అవసరమైతే నేను చెప్తా."

టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నువ్వే గదన్నా కడా మనిషి దాటేదాకా సూడమని నేర్పింది."

"అది బస్సు. ఇది వేరే."

"సరే. నువ్వు చెప్తే సరే."

ఆ శుక్రవారం

పొద్దున తొమ్మిది దాటింది. మునిరత్నం స్టీరింగ్ వెనక, నేను అతనికి ఎడమ పక్క సీట్లో. ఫ్యాక్టరీ నుంచి చిత్తూరుకు తిరిగొస్తూ బంగారుపాళ్యం దాటాక పసుపు బట్టల గుంపు ముందు కనబడింది, మేము పోయే వైపే నడుస్తున్నారు. బండి నిదానించింది. గుంపును దాటింది. మళ్ళీ వేగం అందుకుంది. అప్పుడు కనబడింది, ముందు ఇంకొకామె. ఒంటరిగా, చేతికర్రతో. కాళ్ళ బొబ్బలకు గుడ్డలు చుట్టుకుని, ఎక్కడా ఆగకుండా ముందు పోతున్న మనిషి. కడా మనిషి గుంపుకు వెనకే ఉండాలని ఏముంది? వెనకపడతామని భయపడేవాళ్ళు అందరికంటే ముందే బయలుదేరతారు.

మునిరత్నం చూశాడు. కుడి చెయ్యి తొడ మీంచి లేచింది. సగంలో ఆగి నా వైపు చూశాడు.

నేను అరచెయ్యి కొంచెం ఎత్తాను. ఆగు అని.

బండి బీప్ కొట్టింది. ఆమె ఉలిక్కిపడి కుడికి తిరిగింది. మునిరత్నం కాలు బ్రేకు మీదికి పోయేసరికి బండి మూల ఆమెకి తగిలింది. వేగం ఎక్కువ లేదు. కానీ తుంటి ఎముక విరగడానికి అది చాలు. ఆమె పేరు పాపమ్మ, పలమనేరు దగ్గర ఊరు. మునిరత్నం దిగి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, నేను సూసినానమ్మా, సూసినానమ్మా" అని అదే మాట అంటూనే ఉన్నాడు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

సంతకం

వ్యాన్‌లో ఒక కెమెరా రోడ్డు వైపు, ఇంకొకటి డ్రైవర్ ముఖం వైపు ఉంటాయి. పక్క సీటు వైపు ఏదీ ఉండదు. మూడో రోజు నితిన్ ఒక పేజీ రిపోర్టు నా ముందు పెట్టాడు. అందులో అసలు వాక్యం ఇదీ: ప్రమాదానికి ముందు క్షణంలో డ్రైవర్ రోడ్డు మీంచి చూపు తిప్పి ఎడమ పక్కకు చూశాడు, సకాలంలో జోక్యం చేసుకోలేదు, శిక్షణలో లోపం లేదు.

"వీడియోలో ఉన్నదే రాశాం సార్. చూడండి, తల తిప్పాడా లేదా?"

తిప్పాడు. నా వైపు తిప్పాడు. ఎందుకు తిప్పాడో చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. పెన్ను తీసుకుని సంతకం పెట్టాను. ప్రతి అక్షరం నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కుర్రవాళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో మీ చేత అబద్ధం రాయించరు. సగం నిజం రాయించి, మిగతా సగం మీ చేతే మింగిస్తారు.

చట్టం ప్రకారం డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడే డ్రైవర్. కేసు మునిరత్నం మీద పెట్టారు. లైసెన్సు పోయింది. కంపెనీ ఆ రూట్ మూసేసి, బండ్లు ఎక్కించుకుని వెళ్ళిపోయింది. నన్ను మాత్రం సలహాదారుగా ఉంచుకుంది. ఏడాది పైగా ఉన్నాను. మునిరత్నం ఫోన్ చేస్తే ఎత్తలేదు.

శాలువా

తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాలు. భవిష్యత్తు రవాణా గురించి సభ. నన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. నితిన్ మాట్లాడుతూ తెర మీద ఒక వీడియో వేశాడు. ముఖం మసకబరిచారు గానీ ఆ చొక్కా, ఆ భుజాలు నాకు తెలుసు. తల ఎడమకి తిరుగుతుంది. అక్కడ ఆపి, "చూశారా, మనిషి తప్పు. అందుకే ఆ సీట్లోంచి మనిషిని తీసేయాలి" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వాళ్ళ బండే గుద్దింది. ఆ తప్పును మునిరత్నం నెత్తిన వేశారు. ఇప్పుడు ఆ తప్పునే చూపించి ఆ బండి ఎంత అవసరమో చెప్తున్నారు. ఇన్నేళ్ళలో ఇంత నీచమైన లెక్క నేను చూడలేదు.

ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ఆయన ఎందుకు పక్కకి చూసినాడు?"

హాలు మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. నితిన్ నవ్వి, "మా సీనియర్ ట్రైనర్ గారు చెప్తారు" అని మైకు నాకిచ్చాడు.

నేనేం చెప్పానో ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. "డ్రైవర్లు ఒక్కోసారి ఏమారుతుంటారమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి కూర్చుంది. పుస్తకంలో రాసుకుంది కూడా. మొదటిసారి భయంతో సంతకం పెట్టానని సర్దిచెప్పుకోవచ్చు. ఈసారి నన్నెవరూ భయపెట్టలేదు. శాలువా కప్పుకుని నోటికి అలవాటైన మాట చెప్పాను, అంతే.

మర్నాడు ఉద్యోగం మానేశాను. మునిరత్నం దగ్గరికి వెళ్ళాను. చిత్తూరు మండీలో మామిడికాయల క్రేట్లు ఎత్తుతున్నాడు.

"రా దామోదరన్నా. ఏం, ఇంకో సంతకం కావాల్నా?"

"కోర్టులో చెప్తా మునీ. చెయ్యెత్తింది నేనని."

క్రేటు దించి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "పోలీసోళ్ళకి చెప్పినా. లాయర్‌కి చెప్పినా. అన్న ఆగమన్నాడు, అందుకే ఆగినా అని. నీ సంతకం చూపించి నవ్వినారు. మా ఇంట్లో కూడా నమ్మలేదన్నా. దామోదరన్న అట్లా చేయడే, నువ్వే ఏమారింటావు అనింది మా ఆడామె." మళ్ళీ క్రేటు ఎత్తుకున్నాడు. "వాయిదా పదహారో తేదీ. వస్తే రా."

ఆ సీటు గురించి

కోర్టు సంగతికి ముందు, ఆ పనిలో చేరేవాళ్ళకి నా అభిప్రాయం చెప్పేస్తాను. నడపడానికి వేసిన సీటు కాదు అది. నింద కూర్చోబెట్టడానికి వేసిన సీటు. నిజంగా నడపనిస్తే మీరు నిద్రపోరు, మీ కాలు బ్రేకు మీదే ఉంటుంది. గంటల తరబడి ఏమీ చేయొద్దని కూర్చోబెట్టి, రెప్పపాటులో అన్నీ చేయమంటే ఏ మనిషి వల్లా కాదు. ఆ సంగతి బండి తయారుచేసినవాళ్ళకి మనకంటే బాగా తెలుసు. అందుకే చేరేముందు రెండు రాయించుకోండి. చెయ్యి పెట్టినందుకు ఎవరూ తప్పు పట్టకూడదు. బండిలో ఎవరెవరు ఉన్నారో అందరూ కెమెరాలో పడాలి, ట్రైనర్‌తో సహా. ఒప్పుకోకపోతే చేరకండి. తిరుపతి స్టేషన్ ముందు టాక్సీ నడుపుకోండి, మీరు చేసిన తప్పుకు మీరే జవాబు చెప్పుకోవచ్చు.

రేపు ఈ బండ్లు ఊరూరా వస్తాయి. వాటికి దారి నేర్పేది మనవాళ్ళే. మునిరత్నం బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ బండి కొంత నేర్చుకుంది. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ట్రాక్టర్ కింద చాపిన కాళ్ళ దగ్గర ఇవాళ ఒక బండి ఆగిందంటే, దానికి ఆ కాళ్ళు చూపించింది మునిరత్నం. అతనికి మిగిలింది మండీలో క్రేట్లు.

పదహారో తేదీ

చిత్తూరు కోర్టులో బోనెక్కాను. జరిగింది చెప్పాను. ప్రభుత్వ లాయరు రిపోర్టు చూపించాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పుడు దాచాను సార్."

"ఇన్నాళ్ళు ఎందుకు దాచారు?"

"నా పేరు పోతుందని."

మేజిస్ట్రేట్ రాసుకున్నారు. తీర్పు ఇంకా రాలేదు. బయట మెట్ల దగ్గర మునిరత్నం నిలబడి ఉన్నాడు. థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు.

"ఆయమ్మకి చెప్పినావా?" అన్నాడు.

"ఎవరికి?"

"పాపమ్మకి. జడ్జికి చెప్పినావు, సరే. ఆయమ్మ ఇంకా నేనే ఏమారినానని అనుకుంటా ఉండాది. రెండుసార్లు పోయినా, తలుపు మూసుకున్నారు."

అటునుంచి అటే పలమనేరు బస్సెక్కాను.

పాపమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. పక్కన పట్టుకుని నడిచే స్టాండు. కోడలు కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. అంతా చెప్పాను, మొదటి నుంచి. ఆమె మధ్యలో ఒక్కసారి మాత్రమే అడిగింది.

"అయితే ఆ డ్రైవరు నన్ను సూసినాడా?"

"చూశాడమ్మా. ఆపబోయాడు. నేను వద్దని చెయ్యెత్తాను."

ఆమె నా చేతుల వైపు చూసింది. కోడలు ఏదో అనబోతే చెయ్యి ఊపి ఆపింది.

"ఇన్నాళ్ళూ వాన్ని తిట్టినానప్పా. వాని బిడ్డల్ని గూడా తిట్టినా. పొద్దున లేస్తానే ముందు ఆ పనే." స్టాండు దగ్గరికి లాక్కుంది. "నీకు బిడ్డలుండారా?"

ఇద్దరున్నారని చెప్పాను.

పేర్లు అడిగింది. చెప్పాను.